జ్వరం తగ్గిన పెట్టె

మేడ్చల్ దగ్గరి ఒక గోదాములో అట్టపెట్టెలకు జ్వరాలు మొదలైన మూడో వారంలో యాజమాన్యం వాటికోసం ఇరవై మంచాల వార్డు తెరిచింది. అక్కడ బాలమణిని డ్యూటీకి వేశారు. దగ్గే పెట్టెలను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మూతలు లేచిపోకుండా అరచేత్తో అదిమి పట్టడం, నాలుగు గంటలకోసారి జ్వరం చూసి ఫారం నింపడం ఆమె పని. సబ్బుల పెట్టెలు తొందరగా కోలుకునేవి. ఓడలో వచ్చిన బొమ్మల పెట్టెలు మాత్రం పద్నాలుగేసి రోజులు ఏసీలో నీరసంగా పడి ఉండేవి.

అలాంటి బొమ్మల పెట్టె ఒకదాన్ని లారీలోంచి గుండెకు ఆనించుకుని దింపాడు ఆమె భర్త మొగులయ్య. మూడోనాటికి అతనికి నూట మూడు జ్వరం. ఊపిరి అందక గోడకు చేరగిలబడ్డాడు. బాలమణి సూపర్‌వైజర్ దశరథం దగ్గరికి పరుగెత్తింది.

"సార్, మా ఆయనకు ఆ పెట్టె నుంచే అంటుకుంది. వార్డుల ఒక మంచం ఖాళీ ఉంది సార్."

దశరథం చెడ్డవాడు కాదు. కంప్యూటర్‌లో రెండుసార్లు వెతికాడు. "బార్‌కోడ్ లేకుంటే మంచం రాదమ్మా. మనుషులకు మన దగ్గర ఫారమే లేదు. నన్నేం చెయ్యమంటవ్?"

ఆమె వెళ్లి ఫ్రిజ్ వచ్చిన పెద్ద పెట్టె ఒకటి తెచ్చి అడుగున దుప్పటి పరిచింది. మొగులయ్య మోకాళ్లు ముడుచుకుని అందులో కూర్చున్నాడు. చేరాల్సిన చిరునామా అడిగింది బార్‌కోడ్ స్టిక్కర్లు అచ్చేసే యంత్రం. ఏం రాయాలో తోచక ఆమె తమ ఇంటి చిరునామానే రాసింది. మూత మూసి స్టిక్కర్ అంటించగానే ఇద్దరు లోడర్లు వచ్చి, కుదుపు లేకుండా ఎత్తి, మంచం మీదికి చేర్చారు. పన్నెండేళ్ల సర్వీసులో మొగులయ్యను అక్కడ ఎవరూ అంత మెత్తగా ముట్టుకోలేదు. ఆక్సిజన్ పెట్టారు. డాక్టర్ రెండు పూటలా వచ్చి అట్ట మీద చెయ్యి వేసి చూసి వెళ్లేవాడు.

పద్నాలుగో రోజుకు జ్వరం తగ్గింది. వ్యాన్ ఎక్కించి ఇంటికి పంపారు. బాలమణి డ్యూటీలో ఉంది కాబట్టి ఇంటికి తాళం. పెట్టె తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. ఆమె సెలవు అడిగితే, ఇరవై పెట్టెలు దగ్గుతుంటే ఎట్లా వదిలి పోతావన్నాడు దశరథం. ఆ మాటా నిజమే అనిపించింది ఆమెకు.

గోదాములో విప్పడానికి వీల్లేదు. ఆ చిరునామాలో సంతకం పెట్టిన వాళ్లకే అప్పగించాలి. మూడోసారి పెట్టె తిరిగొచ్చినప్పుడు, పట్టుకోవడానికి పక్కన కోసిన కంతలోంచి బాలమణి రొట్టె ముక్కలు అందించింది.

"ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న. వ్యాన్ల గాలి తగుల్తది. నువ్వు తిన్నవా?"

"తిన్న. రేపు ఇంట్ల ఉండనిస్తరేమో మళ్ల అడుగుత."

"అడుగు. అడిగితే తప్పేముంది."

పెట్టెను మళ్లీ తీసుకుపోవడానికి వచ్చిన వ్యాన్ హారన్ కొట్టింది. బయట వాన పట్టింది. ఒక అంచున టేపు ఊడి, సందులోంచి మొగులయ్య వేళ్లు కనిపిస్తున్నాయి. బాలమణి ఆ వేళ్లను కాసేపు పట్టుకుంది. తర్వాత వాటిని మెల్లగా లోపలికి తోసి, వాన నీళ్లు పోకుండా ఆ అంచుకు రెండు వరసల టేపు గట్టిగా వేసింది.