కదలని బస్సుకు పచ్చజెండా

"గ్రామీణ హస్తకళలకు చక్రాలు తొడుగుతాం!" అని మంత్రిగారు ప్రకటించిన మర్నాడే మా ఊరి చివరనున్న పాత బస్సుకు మహర్దశ పట్టింది.

అది మేమంతా 'బస్సు పిన్ని' అని పిలిచే మా పక్కింటావిడది. ముందు సగంలో పొయ్యి, మడతమంచం. వెనక సగంలో కొయ్య నున్నగా చెక్కే లేత్ మిషను. దానికి వేరే మోటారు లేదు. వెనక చక్రం ఒకటి దుంగల మీదకెత్తి, టైరు పీకేసి, బెల్టు తగిలించింది. ఇంజను స్టార్ట్ చేస్తే చక్రంతోపాటు లేతూ తిరుగుతుంది. బస్సు మాత్రం అంగుళం కదలదు. మా ఇంట్లో నాలుగుకాళ్ళ పీటకి ఒక కాలు విరిగితే, ఆ కాలు ఊడదీసి నమూనాకి పిన్నికే ఇచ్చాను; పీట మూడు కాళ్ళతో ఇంట్లోనే ఉంది. కొత్త కాలు చెక్కుతోంది.

ఆఫీసరుగారు వచ్చి చూసి ముచ్చటపడ్డారు.

"ప్రారంభోత్సవం దీంతోనే. పని చేస్తూ ప్రయాణం, అదే పథకం."

"చక్రం దించితే పని ఆగిపోతుంది బాబూ. ఎత్తితే ప్రయాణం ఉండదు," అంది పిన్ని.

"రెండూ ఉండాలమ్మా. పోస్టర్లు అచ్చయిపోయాయి."

దక్షుడైన అధికారి కనక దారి కనిపెట్టారు. మంత్రిగారు పచ్చజెండా ఊపి డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఇంజను గర్జించింది. వెనక పిన్ని నా పీట కాలు చెక్కుతోంది. కార్యకర్తలు చెట్టుకొమ్మలు పట్టుకుని, కిటికీల పక్కనుంచి వెనక్కి పరుగో పరుగు. ఇటునుంచి అటు పోయినవాళ్ళే చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ పరుగు.

"ఎంత స్మూత్‌గా పోతోందయ్యా! కుదుపే లేదు!" అన్నారు మంత్రిగారు.

కాసేపటికి దిగి, చుట్టూ చూసి, "పక్క ఊరు కూడా అచ్చం ఆ ఊరిలాగే ఉందే!" అన్నారు.

"అంతా మీ అభివృద్ధే సార్," అన్నారు ఆఫీసరుగారు.

కాదని చెప్పే మొనగాడెవడు? బస్సు పక్క ఊరు చేరినట్టు పేపర్లో పడింది.

వారం తిరక్కుండానే ఆఫీసరుగారు క్రేనుతో వచ్చారు.

"అయ్యా, నా ఇల్లూ వాకిలీ, నా పనీ ఇందులోనే!" అంది పిన్ని.

"మీ బస్సు పక్క ఊళ్ళో ఉందమ్మా. మంత్రిగారే స్వయంగా నడిపారు. మీరింకా ఇక్కడే ఉన్నారేం? ఇది ఎవరిదో దిక్కులేని బండి. తుక్కుకి పోవాలి."

"నేను పక్కింటిదాన్నండీ. ఇదే ఆ బస్సు," అన్నాను నేను.

"అంటే మంత్రిగారు అబద్ధమాడారంటారా?"

అమ్మో, నేనెందుకంటాను!

పిన్ని ఉలులు మూటగట్టుకుని మా అరుగు మీద కూర్చుంది. సగం చెక్కిన కాలు లేతుకే ఉండిపోయింది. అంతలో మంత్రిగారి కారు వచ్చింది. క్రేను వెనక బస్సు కదలడం చూసి ఆయన పరవశించిపోయారు.

"రెండో విడతా? చెప్పరేం! జెండా తెండి. నాలుగు మాటలు కూడా మాట్లాడతాను."

జనానికి కనబడేంత ఎత్తు లేరాయన. ఆఫీసరుగారు మా గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చారు.

"అమ్మా, సార్ నిలబడటానికి ఏదైనా పీట ఉందా?"

నేను పిన్ని వైపు చూశాను.

"ఇవ్వు అమ్మాయ్," అంది పిన్ని. "పెద్దాయన అడుగుతుంటే."

తెచ్చి వేశాను. మర్యాదగా ఉంటుందని, తెల్లటి దుప్పటి నేలదాకా కప్పాను కూడా.