పొగమంచులో పిలిస్తే పలకకండి

ఆ పొద్దున తాన్ యులియెన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండు మందిని చైనాలోని హువాంగ్‌షాన్ కొండ శిఖరం మీది హోటల్లోంచి బయల్దేరదీయాలి, పైన్ చెట్ల దారిలో నడిపించి మధ్యాహ్నానికి రోప్‌వే ఎక్కించాలి, కింద దిగాక మళ్లీ పదకొండు లెక్క పెట్టాలి. కిందటి నెల ఒక ముసలాయన్ని పైనే మరిచిపోయి దిగివచ్చింది పాపం. మూడు గంటల తర్వాత దొరికాడు. అయినా టూరు కంపెనీ మేనేజరు లూ ఊరుకోలేదు. ఇంకొక్క తల తక్కువైతే గైడు కార్డు ఊడబెరుకుతానని మొహం మీదే చెప్పాడు. ఇరవై రెండేళ్లుగా ఆ కార్డు మీదే బతుకుతున్న మనిషి ఆవిడ.

ఈ పదకొండు మందీ వూహూ ఊరి నూలు మిల్లులో రిటైరైనవాళ్లు. నలభై ఏళ్లు యంత్రాల మోతలో ఒకరిమీదొకరు అరుచుకుని బతికారేమో, మెల్లగా మాట్లాడటం వాళ్లకు చేతకాదు. గంజి గిన్నెల ముందు కూర్చుని హాలు పైకప్పు ఎగరగొడుతున్నారు.

"కాస్త వినండి. గొడుగులొద్దు, గాలికి నిలవవు. హోటలు వాళ్లిచ్చిన పసుప్పచ్చ వానకోట్లు వేసుకోండి. ఫోటో కావాలంటే ఆగి తీసుకోండి, నడుస్తూ కాదు. మోతకూలీలు ఎదురైతే కొండవైపు ఒదగండి, లోయవైపు కాదు. జేబులో తలా ఒక దోసకాయ పెట్టుకోండి, దాహానికి పనికొస్తుంది."

ఒక్కరు వింటే ఒట్టు. యులియెన్‌కి ఒళ్లు మండింది.

"ఇంకొకటి. పొగమంచు కమ్మాక ఎవరు పేరు పెట్టి పిలిచినా పలకొద్దు, తిరిగి చూడొద్దు. మనిషికి మూడు దీపాలుంటాయని మీ అమ్మమ్మలు చెప్పలేదూ? నెత్తిన ఒకటి, భుజాల మీద రెండు. పలికితే ఆరిపోతాయి."

పదకొండు చెంచాలూ గాల్లో ఆగిపోయాయి.

"తెలిసిన గొంతైతేనో?" అంది పాంగ్ పెద్దమ్మ. డెబ్బై రెండేళ్ల ఆవిడే ఆ గుంపుకి పెద్ద.

"తెలిసిన గొంతుతోనే పిలుస్తాయి," అంది యులియెన్, ఊరికే ఉండలేక.

"పనికొచ్చే మాట చివర్న చెప్తావేమే అమ్మాయీ!"

ఆ తర్వాత అంత బుద్ధిగా నడిచిన గుంపుని యులియెన్ తన సర్వీసులో చూడలేదు. లోలోపల మురిసిపోయింది కూడా. ఒక బండ దగ్గర వాళ్లని నిలబెట్టి, మెట్లు జారుడుగా ఉన్నాయేమో చూడటానికి ఇరవై అడుగులు ముందుకెళ్లింది. అంతలో లోయలోంచి మంచు లేచి మీదికి వచ్చేసింది. చాచిన చెయ్యి చాచినంత మేర మాయమైంది. తడుముకుంటూ వెనక్కి వచ్చి హాజరు పిలిచింది.

"పాంగ్ పెద్దమ్మా?"

జవాబు లేదు.

"కువాంగ్ తాతా?"

లేదు. పదకొండు పేర్లూ పిలిచింది. తెల్లటి మంచు పేర్లన్నిటినీ మింగి, కాసేపాగి, ఎదురు కొండ మీంచి వాటినే ఒక్కొక్కటిగా తిరిగి పంపింది. ఆ గొంతు తనదనిపించలేదు. ఎక్కడో దగ్గర్లోనే ఎవరో దోసకాయ కొరికిన చప్పుడైంది. ఆగిపోయింది.

యులియెన్ వాకీటాకీ తీసి, "మేనేజరు గారూ, ఒక్కరు కాదు, మొత్తం పోయారు," అంది.

పది నిమిషాల్లో కొండ కొండంతా కదిలింది. మూడు వైపుల నుంచి మైకులు పదకొండు పేర్లనూ చదవడం మొదలెట్టాయి. మోతకూలీలు బస్తాలు దించి లోయలోకి కేకలేశారు. రోప్‌వే ఆపేశారు. ఎంత పిలిస్తే కొండ అంత బిగుసుకున్నట్టుంది. ఉడత కూడా కిచకిచమనలేదు. బండకి ఆనుకుని నిలబడ్డ యులియెన్‌కి ఆ నిశ్శబ్దంలో చాలామంది ఊపిరి వినబడుతోంది. పెదవి విప్పకుండా తన భుజాల మీది దీపాలు తడిమి చూసుకుంది.

"తాన్ యులియెన్!"

సరిగ్గా వెనక నుంచి. తెలిసిన గొంతే. ఆవిడ కదల్లేదు.

"నిన్నే తాన్! చెవుడా?"

కార్డు పోతే పోయిందనుకుని కళ్లు మూసుకుంది. మేనేజరు లూ చుట్టూ తిరిగొచ్చి మొహంలో మొహం పెట్టాకగానీ ఆవిడ ఊపిరి వదల్లేదు.

అప్పుడే మంచు పక్కకి జరిగింది. ఆరడుగుల దూరంలో, బండకి అవతలి పక్కన, పసుప్పచ్చ వానకోట్లలో అందరూ వరసగా కూర్చుని, చేతులు పట్టుకుని, రెప్ప వేయకుండా వీళ్లనే చూస్తున్నారు.

"ఇంతసేపూ ఇక్కడే ఉన్నారా? పలకరేం?" అన్నాడు లూ.

"మా అమ్మాయి వద్దంది బాబూ," అంది పాంగ్ పెద్దమ్మ. "అచ్చం దీని గొంతుతోనే ఎంత ఏడుపుగా పిలిచిందో ఆ మాయదారిది. మేం పడతామా? ఆ తర్వాత నాలుగు దిక్కుల నుంచీ మొదలెట్టాయి."

లూ యులియెన్ వైపు చూసిన చూపుకి ఆవిడ నేలలోకి దిగిపోవాల్సిందే. "లెక్క పెట్టు," అన్నాడు పళ్లు నూరుతూ.

పెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారి లూయే వేలు చూపిస్తూ పెట్టాడు.

పన్నెండు.

వరస చివర్న, గెడ్డం దాకా టోపీ లాక్కున్న మనిషి ఒకరు కొరకని దోసకాయ పట్టుకుని కూర్చునున్నారు.

"ఆయనెవరు పెద్దమ్మా?" అడిగింది యులియెన్.

"మనవాళ్లే అనుకున్నాం. పిలుపులు మొదలైనప్పట్నుంచీ నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. చెయ్యి మరీ చల్లన."

"పేరు అడుగు," అన్నాడు లూ, ఒకడుగు వెనక్కి వేసి.

"మీరే అడగండి మేనేజరు గారూ."

ఇద్దరూ అడగలేదు. లూ కాగితం తీసి, ఒకసారి వరస చివరి వైపు చూసి, 'తప్పిపోయినవారు లేరు' అని గబగబా రాసి సంతకం పెట్టాడు. యులియెన్ కార్డు జోలికి పోలేదు. తల తక్కువైతే ఏం చేయాలో రూల్సులో మూడు పేజీలుంది గానీ, ఎక్కువైతే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు.