ముట్టుకోవద్దన్న జాడీ

ఆ ఆదివారం పొద్దున గురునాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. సింకు కింద దాచిన జాడీ తీయాలి, మధ్యాహ్నం భోజనానికి వచ్చే జర్మన్ బాసుకి పుల్లక్యాబేజీ కూర వండిపెట్టాలి, ఉద్యోగం నిలబెట్టుకోవాలి. రెండువేల సంవత్సరం వచ్చేసరికి కంప్యూటర్లు తికమక పడకుండా తేదీలు దిద్దే పని అతనిది. ఆ సంవత్సరం కాస్తా వచ్చేస్తే దిద్దడానికి తేదీలుండవు, సింగపూర్‌లో ఉండనిచ్చే పాసూ ఉండదు. బూన్ లేలో అద్దె ఫ్లాటు, నానా తంటాలు పడి కూతురు అమూల్యకి సంపాదించిన బడి సీటు, అన్నీ బాసు హెర్మన్ ఒక్క మాట మీద వేలాడుతున్నాయి. ఎవరిని ఉంచాలో ఎవరిని పంపేయాలో తేల్చేది అతనే.

ఆ హెర్మన్ ఒకసారి తంజోంగ్ పగార్ ఆఫీసు క్యాంటీన్‌లో నూడుల్స్ తింటూ, "ఆదివారం వస్తే చాలు, మా అమ్మ సవర్‌క్రౌట్ అని పులియబెట్టిన క్యాబేజీతో కూర వండేది. ఆ రుచి చచ్చేదాకా మరిచిపోలేను" అని పెద్దగా నిట్టూర్చాడు. అమ్మ చేతివంట తలుచుకుని నిట్టూర్చినవాడి మనసు ఎలాంటిదో గురునాథానికి ఒకరు చెప్పాలా? ఆ సాయంత్రమే క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పేసి పిసికి, జాడీలో కుక్కి పైన బరువు పెట్టాడు. అదేమిటని భార్య తారాదేవి అడిగితే, "ఊరగాయ. నువ్వు ముట్టుకోకు" అన్నాడు. ఇంకొక్క ముక్క చెప్పి ఉంటే కొంపలు మునిగేవి కావు.

ఈ ఆదివారం పొద్దున అతను జాడీ మూత తీశాడు. లోపల ఎర్రగా, నూనె తేలుతూ, ఆవఘాటు కొడుతూ అచ్చమైన ఆంధ్రా పచ్చడి ఉంది.

"తారా! ఇదేమిటే?"

"మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదండీ. మొన్న చూస్తే జాడీ నిండా నీళ్ళు, ఒకటే పుల్లకంపు. ఊరగాయలో నీళ్ళు చేరాక ఇంకేం మిగుల్తుంది? పక్కింటి కుమారమ్మ ఆంటీని పిలిచాను."

తన పేరు వినబడగానే కుమారమ్మ తలుపు తోసుకుని వచ్చేసింది. తాతల నాడు విశాఖలో ఓడెక్కి వచ్చిన కుటుంబం ఆవిడది. దేశం మారి, తెలుగులో తమిళం, మలయ్ మాటలు కలిసిపోయినా పచ్చళ్ళ విషయంలో పట్టుదల మారలేదు.

"నీళ్ళన్నీ వంపేశాం తంబీ. కిటికీ బయట బట్టలారేసే కర్రలకి పాత చీర కట్టి, దాని మీద గలగలలాడేలా ఎండబెట్టాం. ఆవపిండి, కారం, నూనె నేనే కలిపాను. పావం, మగోడివి, ఊరగాయ సంగతి నీకేం తెలుసు!"

"ఆ నీళ్ళే దాని ప్రాణం ఆంటీ!" గురునాథం నెత్తి కొట్టుకున్నాడు. ఏడుపొక్కటే తక్కువగా హెర్మన్ సంగతంతా చెప్పాడు.

"ఇంతేనా? కడిగేస్తే పోద్ది. మకాన్ టైముకి, అదే భోజనాల వేళకి, ఇంకా బోలెడంత ఉంది," అంది కుమారమ్మ.

ఎంత కడిగినా కారం పోలేదు. ఉన్న కాస్త పులుపూ పోయింది. "పులుపేగా కావాల్సింది?" అంటూ ఆవిడ చింతపండు పిసికింది. బంగాళాదుంపలు, చికెన్ సాసేజీలు, ఎర్ర క్యాబేజీ, చింతపండు పులుసు, అన్నీ కలిసి కుక్కర్లోకి వెళ్ళాయి. క్యాబేజీ పీచు వెళ్ళి విజిల్ రంధ్రానికి అడ్డం పడింది. కుక్కర్ కూత పెట్టడం మానేసి బుసలు కొట్టింది. స్టవ్ ఆపుదామని గురునాథం అడుగు వేసేలోగా సేఫ్టీ వాల్వు ఊడి, సగం కూర సీలింగుకి అంటుకుంది. కారపు ఆవిరి వరండాలోకి పాకి అంతస్తంతా దగ్గు అందుకుంది.

"కెనాట్ బ్రీద్ లా, నాన్నా!" అంటూ అమూల్య బయటికి పరుగెత్తింది.

గ్యాస్ లీకయిందని ఎవరో ఫోను చేశారు. కాసేపటికి లిఫ్టులోంచి ఫైరింజను వాళ్ళు దిగారు. వాళ్ళ మధ్యలో పూలగుత్తి పట్టుకుని హెర్మన్ దిగాడు.

ఫైరింజను వాళ్ళు సీలింగు చూసి, గురునాథాన్ని చూసి, జాలిపడి వెళ్ళిపోయారు. అతను మనసులో సూటుకేసులు సర్దడం మొదలుపెట్టాడు. మిగిలిన కూర తారాదేవి అన్నంతో వడ్డించింది. మొదటి ముద్దకే హెర్మన్ ముఖం ఎర్రబడింది, రెండో ముద్దకి కళ్ళవెంట నీళ్ళు కారాయి.

"మీ అమ్మగారు చేసినట్టు లేదు కదా సార్," అన్నాడు గురునాథం నీరసంగా.

"లేదు. దేవుడి దయ," అన్నాడు హెర్మన్ ముక్కు తుడుచుకుంటూ. "చిన్నప్పుడు ప్రతి ఆదివారం ఏడుస్తూ తిన్నాను ఆ కూర. దాన్ని తప్పించుకోడానికే ఇంత దూరం వచ్చాను. ఇది మాత్రం అద్భుతం. ఇంకొంచెం వేయండి."

"నేను చెప్పలా?" అంది కుమారమ్మ.

గురునాథానికి పోయిన ప్రాణం లేచొచ్చింది. "అయితే సార్, నన్ను ఇంటికి పంపరు కదా?"

"ఛఛ! మా వంట కోసం ఇన్ని పాట్లు పడ్డవాణ్ణి వదులుకుంటానా? ఇక్కడ పని ఎలాగూ అయిపోవచ్చింది. జర్మనీలో మా ఊళ్ళోనే హెడ్డాఫీసు ఉంది, వచ్చే నెల నుంచి నువ్వక్కడే. ఇల్లు కూడా వెతుక్కోవద్దు. మా అమ్మ ఇంట్లో మేడ మీద వాటా ఖాళీగా ఉంది. భోజనం ఆవిడే పెడుతుంది."

గురునాథం గోడకి వేలాడుతున్న అమూల్య బడి సంచీ వైపు చూశాడు. భోరున ఏడవాలనిపించింది. సీలింగు నుంచి ఒక క్యాబేజీ పీచు జారి అతని భుజం మీద పడింది.

హెర్మన్ వాళ్ళమ్మ ఇప్పటికీ ఆదివారం పుల్లక్యాబేజీ కూర మానలేదట.