ఒక మోడెం, రెండు మళ్లు

తెల్లారితే పది గంటలకు గురవయ్య కోడలు శిల్పకు ఇంటర్వ్యూ. అదే పది గంటలకు కొడుకు కిరణ్‌కు ఆఫీసు మీటింగు. ఇంట్లో కంప్యూటర్లు రెండు, మోడెం ఒకటి, దాన్నుంచి వచ్చే పసుపు తీగ ఒకటి. తీగ కొసను కిరణ్ తన కంప్యూటరుకు గుచ్చుకుంటే శిల్పది ఎండుతుంది. శిల్ప గుచ్చుకుంటే కిరణ్‌ది ఎండుతుంది. వై-ఫై ఉన్నా మూరెడు మందం రాతిగోడ దాటి గదుల్లోకి రాదు. ఇంతకుముందు వచ్చిన రెండు ఇంటర్వ్యూలూ తీగ కిరణ్ దగ్గర ఉండగానే దాటిపోయాయి. శిల్ప ఏమీ అనలేదు. అనకపోవడం గురవయ్యకు గుచ్చుకుంది. తెల్లారేసరికి ఏదో ఒకటి తేల్చాలనుకుని మిద్దె మీద నులక మంచంలో నిద్రపోయాడు.

మోడెం హాల్లో అలమర మీద ఉంటుంది. దానికి ఆనించి పుష్పమ్మ ఫోటో ఉంటుంది. పెళ్లాం పోయిన రోజు గురవయ్య తన చేత్తో అక్కడ పెట్టాడు. దాన్ని ఎవరూ కదల్చకూడదు. దుమ్ము కూడా ఆయనే తుడుస్తాడు, ముందువైపు మాత్రం.

తెల్లవారుజామున కల వచ్చింది. పాత మిరప చేను. రెండు మళ్లు. పుష్పమ్మ కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని గట్టు మీద నిలబడి ఉంది. తాను చచ్చిపోయిన సంగతి ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె చేతిలోని గొట్టంలోంచి నీళ్లకు బదులు వెలుతురు కారుతోంది, సన్నగా, చప్పుడు లేకుండా. మొదటి మడి నిండి మెరుస్తోంది. రెండోది నెర్రెలిచ్చి ఉంది.

"రెండు మళ్లకి ఒక గొట్టం చాలదా?" అన్నాడు గురవయ్య.

"చాలకేం? ముందు నన్ను కొంచెం పక్కకు జరుపు" అంది పుష్పమ్మ.

ఆ మాట ఆయనకు నచ్చలేదు. కళ్లు తెరిచేసరికి నల్లమల కొండలు ఉతికి ఆరేసిన నీలం గుడ్డల్లా వేలాడుతున్నాయి. కల ఇంకా పూర్తిగా వదల్లేదు. అందులోంచి నచ్చని మాట తీసి పారేసి, గొట్టం ఒక్కటి ఉంచుకున్నాడు. ఒక గొట్టం, రెండు మళ్లు. టీ జాయింటు! బత్తాయి తోటలో ఎన్ని వెయ్యలేదు?

పెద్దారవీడులో నెట్టు నడిపేది గిద్యోను. ఆ వీధికంతటికీ అతని తీగలు గురవయ్య మిద్దె మీదుగానే పోతాయి. నీళ్ల ట్యాంకు దిమ్మెకు ఒక నల్లపెట్టె బిగించి ఉంది. అందులోకి లావు తీగ ఒకటి వస్తుంది. సన్న తీగలు బయటికి పోతాయి, అందులో ఒకటి ఈ ఇంట్లోకి దిగుతుంది. గురవయ్య పుట్టినప్పటి నుంచీ నీళ్లు చాలని ఊళ్లో బతికినవాడు. సన్న గొట్టానికి జాయింటు వేస్తే ఫోర్సు చస్తుందని ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. తీసుకుంటే మెయిన్ లైనులోనే తీసుకోవాలి.

పాత సామాన్ల డబ్బాలోంచి టీ జాయింటు, డ్రిప్పు కత్తెర తెచ్చాడు. వాలు చూసుకున్నాడు. లావు తీగను టక్కున కోశాడు.

ఏమీ కారలేదు. కోసిన కొసలో వెంట్రుకంత గాజుపోగు ఒకటి ఎండకు మిలమిలలాడింది. కలలోని వెలుతురు ఇందులోంచే రావాలి. పూడింది కాబోలు అనుకున్నాడు. డ్రిప్పు గొట్టం పూడితే ఏం చేస్తారో అదే చేశాడు. రెండు చేతులతో పట్టుకుని బుగ్గలు పొంగేట్టు ఊదాడు.

"నాయనా! నెట్టు పోయింది!" కింద నుంచి కిరణ్ అరిచాడు.

"పోలేదు, ఆగింది. ఇంకోసారి ఊత్తా, చూడు."

కిరణ్ పైకి వచ్చి చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. అతను ఇంజనీరింగు చదివాడు, కానీ అందులో ఈ పాఠం లేదు. గిద్యోనుకు ఫోన్ చేశాడు. గిద్యోను కురిచేడులో మరదలి పెళ్లిలో ఉన్నాడు. సాయంత్రానికి వస్తానన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, అది పెళ్లి ఇంట్లో అనదగ్గది కాదు.

"నేను మార్కాపురం పోతాండా. నా ఫ్రెండు రూములో మీటింగు చూసుకుంటా" అని కిరణ్ బండి తీశాడు. పెళ్లాం ఇంటర్వ్యూ సంగతి మలుపు తిరిగాక గుర్తొచ్చి ఉంటుంది. వెనక్కి మాత్రం రాలేదు.

శిల్ప ఇంటర్వ్యూ చేసే మేడమ్‌కు ఫోన్ చేసి, నెట్టు లేదని, ఫోన్లోనే మాట్లాడమని బతిమాలింది. మిద్దె మెట్ల మీద ఒకచోట సిగ్నల్ బాగా ఉంటుంది. అక్కడ కూర్చుంది. ఆ ఉద్యోగం ఏమిటంటే, గిద్యోనుకు లైను ఇచ్చే కంపెనీలోనే, నెట్టు రావట్లేదని ఫోన్ చేసి తిట్టేవాళ్లకు ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడం.

ఈలోగా ఎదురింటి నరసమ్మ వీధిలోకి వచ్చి తలెత్తింది.

"ఏంది బావా, మా ఇంట్లో నెట్టు రాట్లే? మనవడు ఫోన్లో కనపడతా కనపడతా మాయమైనాడు."

గురవయ్య తెగిన తీగను వీపు వెనక దాచాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఊళ్లో బోరు నీళ్లు వదిలే మనిషి నోట జీవితమంతా విన్న మాట ఒకటి దానంతటదే వచ్చేసింది.

"ఇప్పుడు మీకు లేదు. మధ్యానం వదుల్తారు."

"అట్లనా! వంతులు పెట్టినారా? ఒక మాట చెప్పొద్దా?"

నరసమ్మ నమ్మింది. నీళ్లు అట్లా, కరెంటు అట్లా, నెట్టు మాత్రం ఏం ఎక్కువ? ఆమె వీధి చివరిదాకా చెప్పుకుంటూ పోయి, వస్తూ ఛార్జరు తెచ్చి గురవయ్య అరుగు మీద పెట్టింది. వంతుకు బిందె పెట్టినట్టు. ఫోను వదిలిపెట్టి ఉండలేదు కదా. చూస్తుండగానే దాని వెనక ఇంకో ఛార్జరు, దాని వెనక ఇంకోటి చేరాయి. తెల్లవి, నల్లవి, టేపు చుట్టినవి. ఎండలో ఆ వరస వీధి దాకా నిద్రపోతున్న పాములా సాగింది. పై నుంచి చూస్తున్న గురవయ్యకు తాను లేచాడో, కల ఇంకా నడుస్తోందో అర్థం కాలేదు.

"పల్లం పక్కోళ్లకు ముందే ఎక్కువ పోతాది, వాళ్లని కడాకు పెట్టండి!" అన్నారెవరో.

"మీరు మోటారు పెట్టి లాగట్లేదా? నరసమ్మ ఇంట్లో ఆ రెండు కొమ్ముల పెట్టె ఏంది మరి?"

"అది మా అల్లుడు కొనిచ్చినాడు! నీ కొమ్ములేం కాదు!"

పాస్టరు ఇశ్రాయేలు తెల్ల చొక్కాతో వచ్చి మనుషులను తప్పించుకుంటూ ముందుకు నిలబడ్డాడు. "గురవయ్యా, ఈ రోజు ఉపవాస ప్రార్థన లైవు పెట్టాల. హైదరాబాదులో పనికి పోయిన మావాళ్లు చూస్తారు. దేవుని పని, ముందు మాకు వదులు."

"దేవునికైనా వంతే అయ్యగారూ. ఛార్జరు పెట్టండి" అంది నరసమ్మ.

మెట్ల మీద శిల్ప చెవిలో మేడమ్ అడుగుతోంది. "కోపంగా ఉన్న మనిషితో మీరు ఎలా మాట్లాడతారు?"

శిల్ప చెప్పబోయింది. అప్పుడే వాల్వు తామే తిప్పుకుంటామని నలుగురు మెట్లెక్కి మీదికి వచ్చారు. "ఒక్క నిమిషం మేడమ్" అని శిల్ప ఫోను మెట్టు మీద పెట్టి అడ్డం నిలబడింది.

"నరసమ్మత్తా, మీ పెట్టెలో ఏ లైటు ఎలగతాంది?"

"ఎర్రది. రాకాసి కన్ను మాదిరి."

"అందరికీ ఎర్రదేనా? అయితే వినండి. వంతుల్లేవు, వాల్వు లేదు. తప్పు మాదే. తీగ తెగింది. తెంపింది మా మామ."

అందరూ తలెత్తి మిద్దె వైపు చూశారు. గురవయ్య చేతిలో టీ జాయింటు పట్టుకుని, ఎవరో నిద్రలోంచి లేపి నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాడు.

"గిద్యోనన్న సాయంత్రం అతికిస్తాడు" అంది శిల్ప. "అత్తా, మనవడితో నా ఫోన్లో మాట్లాడుదువు. అయ్యగారూ, ప్రార్థన రికార్డు చేసి పెట్టుకోండి, సాయంత్రం ఎక్కిద్దాం."

"సరే తల్లీ. దేవుడు సాయంత్రం దాకా ఆగుతాడు" అన్నాడు పాస్టరు.

"ఆగక? మీ ప్రసంగాలకే ఆగినాడు" అంది నరసమ్మ. తర్వాత మిద్దె వైపు చెయ్యి ఊపింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది బావా! మా అక్క పోయినాక నిన్ను అడిగేవాళ్లు లేకుండా పోయినారు!"

జనం ఛార్జర్లు ఏరుకుని కదిలారు. రెండు ఛార్జర్లు మారిపోయాయి. ఆ గొడవ వీధి చివరిదాకా వినపడింది.

అప్పుడు గుర్తొచ్చింది శిల్పకు. మెట్టు మీది ఫోను తీసుకుంది.

"మేడమ్... ఉన్నారా?"

"ఉన్నాను. అంతా విన్నాను. తప్పు మాదే అని చెప్పడం మా వాళ్లకు ఎన్నాళ్లు నేర్పినా రాదు. సోమవారం చేరండి. ముందు ఆ తెగిన తీగ కంప్లయింటు మీరే రాయండి, లింకు పంపిస్తున్నా."

శిల్ప మెట్టు మీద కూలబడి ఏడ్చింది, తర్వాత నవ్వింది. ఆ వెంటనే కిరణ్ ఫోన్ వచ్చింది, తన మీటింగు వాయిదా పడిందని.

లింకులో మొదట అడిగింది మోడెం వెనక ఉండే నంబరు. శిల్ప హాల్లో అలమర ముందు నిలబడింది. చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది.

"మామా, నంబరు ఎనకపక్క ఉంటాదంట. అత్తమ్మను కొంచెం..."

గురవయ్య చేతులు పంచెకు తుడుచుకుని ఫోటోను రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. శిల్ప మోడెం తిప్పింది. పసుపు తీగ ఒక బొక్కలో ఉంది. దాని పక్కనే అలాంటి బొక్కలు ఇంకో మూడు, ఖాళీగా, సాలెగూడు పట్టి ఉన్నాయి.

"ఇవేంది?" అన్నాడు గురవయ్య.

"ఇంకో మూడు తీగలు పెట్టుకోవచ్చు మామా. మా ఇద్దరికీ చెరొకటి."

గురవయ్య ఫోటో వైపు చూడలేదు. ఫోటో తన వైపు చూస్తోందని ఆయనకు తెలుసు.

"పొద్దున్నే చెప్పింది" అన్నాడు.

"ఎవరు మామా?"

ఆయన ఫోటోను అలమర మీదే ఒక జానెడు పక్కకు పెట్టి, మొదటిసారి వెనకవైపు దుమ్ము తుడిచాడు.

శిల్ప నంబరు ఎక్కించింది. చివరగా తీగ తెగడానికి కారణం ఎంచుకోమని లింకు అడిగింది: వాన, లారీ, తవ్వకం, జంతువులు. 'మామ' అనేది అందులో లేదు. ఆమె గురవయ్య వైపు ఒకసారి చూసి, జంతువులు నొక్కింది.