మానవ హస్తం తగలని గురి

జాంబెజి లోయలోని మా వేట శిబిరంలో ఈ ఏడాది నుంచి గురి పరీక్ష రద్దయిందని వేటప్రియులందరికీ సంతోషంతో తెలియజేస్తున్నాను. ఇకపై అతిథులు దిగీ దిగగానే మొపానె చెట్టుకు అంటించిన కాగితం మీద మూడు గుళ్లు కాల్చే శ్రమ పడనక్కర్లేదు.

ఆ పరీక్ష ముప్పై ఏళ్లు సాగింది. చెప్పే కారణం మర్యాదగానే ఉండేది. విమానం కుదుపులకు తుపాకీ గురి చెదిరి ఉంటుంది, ఒకసారి సరిచూసుకుందాం అనేవాడు యజమాని వెనింగ్ దొర. నిజానికి చూసేది తుపాకీని కాదు, దాన్ని పట్టుకున్న మనిషిని. ఈ సంగతి అతిథికి తప్ప అందరికీ తెలుసు. గుండు కాగితాన్నీ చెట్టునీ కూడా వదిలేసి పోతే, అడవిలో జాడలు తీసే మా ఆయన ముజోండి తల పంకించి, "పాపం, విమానం బాగా కుదిపింది దొరా!" అనేవాడు. మర్నాటి నుంచి ఆ అతిథిని అడవిదున్నలు లేని వైపే తిప్పి, చివరికి జింకతో సరిపెట్టేవాడు. అబద్ధమే. ఆ అబద్ధం వల్లే మా ఆయన సాయంత్రాలు ఇంటికొచ్చేవాడు.

ఈ వెనుకబాటుతనానికి స్టోల్క్ గారు తెరదించారు. లింపోపో నదికి అవతల తుపాకీ గొట్టాలు చేసే మేధావి. పెద్ద జంతువులను కొట్టే తుపాకులకు, చిటికెనవేలు దూరేంత గొట్టాలను అడిగినవారికి అడిగినట్టు చేసిపెడతారు. గుండు గిర్రున తిరుగుతూ సూటిగా పోయేందుకు గొట్టం లోపల మెలికల గాడులు కోయడానికే మూడు వారాలు. ఒకసారి పక్కగదిలో భార్య తుమ్మిందని, చెయ్యి అదిరిందేమోనన్న అనుమానంతో సగం కోసిన గొట్టాన్ని పారేశారట. ఆవిడ ఇప్పుడు పుట్టింట్లో ఉంటోంది. గొట్టాలు మాత్రం అద్భుతంగా వస్తున్నాయి.

ఈసారి ఆయనే స్వయంగా వచ్చారు, ఒక కొత్త గొట్టంతోనూ, దాన్ని చేయించుకున్న హాల్వర్సన్ గారనే అమెరికా పళ్ల డాక్టరుతోనూ. భోజనాల బల్ల దగ్గర లేచి ప్రసంగించారు:

"నూరు గజాల నుంచి మూడు గుళ్లు, ఒకటే రంధ్రం! ఈ గొట్టం అబద్ధమాడటం ఎరగదు. ఇదిగో ధ్రువపత్రం. దీన్ని చెట్టు మీది కాగితంతో పరీక్షించడమంటే నా ముప్పై ఏళ్ల తపస్సును పరీక్షించడమే!"

వెనింగ్ దొర కళ్లు చెమర్చాయి. పరీక్ష అక్కడికక్కడే రద్దయింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది హాల్వర్సన్ గారు.

పళ్లేలు తీస్తూ ఆ పత్రాన్ని నేనూ కూడబలుక్కుని చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: 'సిమెంటు దిమ్మెకు బిగించి, మానవ హస్తం తగలకుండా పరీక్షించడమైనది.'

తెల్లారి మా ఆయనకు సంకటీ ఎండుచేపలూ మూట కడుతూ అడిగాను.

"ఆ దిమ్మె కూడా వస్తోందా మీతో?"

"దిమ్మెందుకే?"

"మనిషి చెయ్యి తగిలితే ఏమవుతుందో ఆ కాగితంలో రాయలేదు."

"నీ చదువు నా ప్రాణం మీదికొచ్చింది. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే ఇదే మొహంతో సాగనంపుతావు. ఏనాడన్నా రాకుండా ఉండిపోయానా?"

"అది ఒక్కసారే కదా ఉండిపోయేది! ఆ పళ్లాయన టీ తాగుతుంటే కప్పూ సాసరూ కొట్టుకుంటున్నాయి, చూశావా?"

"చూశాను," అన్నాడు. నవ్వలేదు.

నలభై అడుగుల్లో దున్న కనిపించిందట. పళ్లు పీకేటప్పుడు కదలొద్దని ఊరందరినీ గదమాయించే హాల్వర్సన్ గారు తుపాకీ ఎత్తి, రెండు కళ్లూ మూసుకుని కాల్చారు. గుండు వెంట్రుకవాసి తేడా లేకుండా గొట్టం చూస్తున్న వైపే వెళ్లింది. దున్న పొట్టలో, చావని చోట దిగింది.

గాయపడ్డ జంతువును వదిలి రాకూడదన్నది చట్టం. దాని వెనక పొదల్లోకి ముందుగా నడవడం మా ఆయన ఉద్యోగం. అతిథికి తలనొప్పి రావడంతో ఆయన్ని శిబిరానికి పంపించేశారు. ఆయన్ని దింపిన జీపులో మా ఆయన లేడు. ఎక్కడని అడగబోయాను.

"పక్కకు జరుగు ముసలమ్మా, గొట్టం మీద దుమ్ము పడుతుంది!" అన్నారు స్టోల్క్ గారు.

ఆయన వెంట తెచ్చుకున్న ఇనుప బిగింపుకు తుపాకీని బిగించి మూడుసార్లు కాల్చారు. ఒకటే రంధ్రం. ఇద్దరూ ఒకరినొకరు కావలించుకున్నారు. నాలుగో పేలుడు పొదల వైపు నుంచి వినిపించింది. అది మా ఆయన వెనకే పొదల్లోకి వెళ్లిన వెనింగ్ దొర తుపాకీది. కాస్త ఆలస్యంగా పేలింది.

దున్న కొమ్ముకు ఏ ధ్రువపత్రమూ లేదు. అయినా తొడలో దిగాల్సినంతా దిగింది. ముప్పై ఏళ్లుగా నేను సాగనంపిన రెండు కాళ్లలో ఒకటి తిరిగొచ్చింది.

విచారణ సక్రమంగా జరిగింది. గొట్టం నిర్దోషి అని తేలింది. దున్న పరిగెత్తడం, జాడలు తీసే వ్యక్తి దాని దారిలో ఉండటం ప్రమాదానికి కారణాలుగా నమోదయ్యాయి. ఆ ఒంటి రంధ్రం కాగితానికి అద్దం కట్టించి భోజనశాలలో వేలాడదీశారు. కింద మా ఆయన ఊతకర్ర ఆనించుకుని కూర్చుంటాడు. "కాలేమైంది తాతా?" అంటారు కొత్త అతిథులు. "విమానం కుదిపింది దొరా!" అంటాడు. వాళ్లు పగలబడి నవ్వి, కాగితం చూడటానికి ఇంకాస్త ముందుకు జరుగుతారు.

ఈ సంగతి చదువుకున్నవాళ్లు చాలామందికి చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. తర్వాత గొట్టంలో గాడులు ఎంత లోతు కోస్తారనీ, స్టోల్క్ గారి చిరునామా దొరుకుతుందా అనీ అడిగారు. పోయింది ఏ కాలో నేనింతవరకు చెప్పలేదు.

మీరూ అడగలేదు.