క్లియోఫస్‌ను కోసిన వైనం

ఆ శనివారం ఆర్డెల్లా పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రానికి కోడిని ముక్కలు చేసి వేయించడం. జార్జియా నుంచి హార్లెం వచ్చి వారమే అయింది. తాను పెంచిన అక్క కొడుకు తాడియస్‌కు తన చేతి వంట తినిపించి ఎన్నాళ్ళయిందో!

తాడియస్ అద్దం ముందు జుట్టుకు నూనె పట్టిస్తూ, "పిన్నీ, ఇవాళ డాన్సు హాల్లో ఆ క్లియోఫస్‌గాణ్ణి కోసిపారేస్తాను," అన్నాడు.

ఆమె చేతిలో గరిటె ఆగింది. "ఏం చేస్తావూ?"

"కోస్తాను. జాజ్ బ్యాండు వాయిస్తుండగా, అందరూ చూస్తుండగా! పోయిన నెల వాడు నన్ను కోయలేదూ?"

ఆమె గబగబా వచ్చి వాడి మెడ తడిమింది. "మానిందా నాయనా?"

"ఎక్కడ మానుతుంది? వీధిలో ఇంకా నవ్వుతూనే ఉన్నారు," అంటూ టోపీ పెట్టుకుని పనికి వెళ్ళిపోయాడు.

కోతలు కోసేవాళ్ళను ఆర్డెల్లా చాలామందిని చూసింది. మనుషుల్ని కోసేవాణ్ణి తానే పాలుపోసి పెంచానని మాత్రం ఏనాడూ అనుకోలేదు. వీడు జైలుకు పోకుండా చూడాలి! మాంసం కత్తి, రొట్టె కత్తి, గడ్డం కత్తి, కత్తెర, ఇంట్లో పదునున్నదల్లా సంచిలో పడేసింది. అనుమానం తీరక డబ్బాలు తెరిచే కొక్కెం కూడా వేసింది. ఆ సంచితోనే క్లియోఫస్ గది వెతుక్కుంటూ బయల్దేరింది.

తలుపు తీసినవాడు పొడుగుకాళ్ళవాడు. సాక్సులతోనే అడుగులు సాధన చేస్తున్నాడు.

"బాబూ, నేను తాడియస్ పిన్నిని. వాడు నిన్ను కోస్తాడట."

క్లియోఫస్ పడీపడీ నవ్వాడు. "వాడా? వాడి తాతలు దిగిరావాలి!"

"నవ్వకు నాయనా. వాడిదాకా ఎందుకనే నేనొచ్చాను," అంటూ చెమట తుడుచుకోవడానికి సంచిలోంచి రుమాలు లాగింది. రుమాలుతో పాటు మాంసం కత్తి జారి నేలలో గుచ్చుకుంది. వెనకే మిగతావీ గలగలా రాలాయి.

క్లియోఫస్ సాక్సులతోనే కిటికీ దాటి, బయటి ఇనుప మెట్లమీదుగా వీధిలోకి దిగి పరుగందుకున్నాడు.

"ఆగు బాబూ! నీ మంచికే!" అని ఆమె కిటికీలోంచి అరిచింది. నేలలోంచి పీకిన కత్తి చేతిలోనే ఉంది. వీధంతా తలెత్తి చూసింది. దాంతో ఆమె కూడా బెదిరిపోయి, సంచీ కత్తులూ అక్కడే వదిలేసి ఇల్లు చేరింది.

సాయంత్రం తాడియస్ చంకలో వెండి కప్పుతో తిరిగొచ్చాడు. మొహం మాత్రం గంటు పెట్టుకున్నాడు.

"పిన్నీ, వాడు హాలుకే రాలేదు!"

"బతికిపోయాడు."

"బతకడమేమిటి? కోయడమంటే డాన్సులో చిత్తుచేయడమే! ఎదుటివాడు ఇక నావల్ల కాదని చోటు ఖాళీ చేసి పోతే, వాణ్ణి కోసినట్టు."

ఆర్డెల్లా గరిటె కింద పెట్టింది. "కిటికీలోంచి పోయినా లెక్కేనా?"

"వీధిలో చూసినవాళ్ళు వచ్చి చెప్పారు. లెక్కేనని హాలంతా తేల్చింది," అంటూ కప్పు ఆమె ముందు ఠపీమని పెట్టాడు. "నెలరోజులు చెమటోడ్చింది నేను. ఇది మాత్రం నీకిచ్చి రమ్మన్నారు."

కత్తులన్నీ క్లియోఫస్ గదిలోనే ఉండిపోయాయి గనుక, ఆ పూట కోతపడకుండా నిండుగా బల్లమీదికొచ్చింది కోడి ఒక్కటే.