వేదిక మీద మా వదిన

"ఇంకో నెల తర్వాత మన యూనివర్సిటీల్లో కలవకుండా విడిగా మిగిలిపోయినవాళ్ళు ఒక్కరు కూడా ఉండటానికి వీల్లేదు. ఉంటే వాళ్ళని తీసేస్తాం" అని ఉన్నత విద్యా మంత్రిగారు ప్రకటించారు.

ఇంత కచ్చితంగా మాట్లాడే మంత్రి మనకి ఈమధ్యకాలంలో దొరకలేదు. ప్రకటన వెనకాలే ఉత్తర్వు కూడా వచ్చేసింది. పాఠాలు చెప్పేవాళ్ళు, ఫైళ్ళు మోసేవాళ్ళు, తోటకి నీళ్ళు పెట్టేవాళ్ళు, అందరూ డైవర్సిటీ అండ్ ఇన్‌క్లూజన్ శిక్షణ తీసుకోవాలి. అంటే మనకంటే వేరుగా ఉన్నవాళ్ళని పక్కకి నెట్టకుండా కలుపుకుపోవడం ఎలాగో నేర్చుకోవాలి. నేర్చుకున్నవాళ్ళకి సర్టిఫికెట్ ఇస్తారు. సర్టిఫికెట్ లేకపోతే పర్మనెంటు వాళ్ళకి మందలింపు. కాంట్రాక్టు వాళ్ళకి మందలింపు లాంటివేం ఉండవు, కాంట్రాక్టే ఉండదు.

నేను అలాంటి ఒక యూనివర్సిటీలో పత్రికా ప్రకటనలు రాసే గుమాస్తాని. వీసీగారు తుమ్మితే, ఆ తుమ్ము ఉన్నత విద్యకి ఏ విధంగా దోహదపడిందో రాసి సాయంత్రంలోగా పేపర్లకి పంపడం నా డ్యూటీ. మా వదిన అక్కడే స్టాటిస్టిక్స్ చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్. చిన్నతనంలో జ్వరమొచ్చి వినికిడి పూర్తిగా పోయింది. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టేస్తుంది, తిరిగి మనలాగే మాట్లాడుతుంది, కాకపోతే కాస్త గట్టిగా. అన్నయ్య రేడియో రిపేరు షాపు మూసేసినప్పటినుంచి మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందంటే ఆవిడ కాంట్రాక్టు పుణ్యమే. అది ఈ నెలాఖరుకి అయిపోతోంది.

శిక్షణ ఇవ్వడానికి మంత్రిత్వ శాఖ ఒక శిక్షకుణ్ణి పంపించింది. మనిషి మహా చురుకు. వీసీగారి గదిలోకి వస్తూనే, "సార్, మీ డైవర్సిటీ ఎక్కడ?" అనడిగాడు.

"ఇక్కడే ఎక్కడో ఉండాలే" అని వీసీగారు రిజిస్ట్రార్ వంక చూశారు.

"అదేనండి, వేదిక మీద చూపించడానికి కాస్త వేరుగా ఉన్నవాళ్ళు ఎవరైనా..."

"ఎందుకు లేరూ? నేను ఆర్ట్స్. మా రిజిస్ట్రార్ సైన్స్!"

శిక్షకుడికి తృప్తి కలగలేదు. రిజిస్ట్రార్ గారు కాసేపు బుర్ర గోక్కుని వీసీగారి దగ్గరికి వంగి ఏదో చెప్పారు. వెంటనే నాకు పిలుపొచ్చింది.

"ఏమయ్యా, మీ వదినగారికి వినపడదట!"

"అవునండి."

"పూర్తిగానా?"

"పూర్తిగానే అండి."

వీసీగారి మొహం వెలిగిపోయింది. "ఇంత మంచి సంగతి ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నావటయ్యా! మనం బయట వెతుక్కుంటున్నాం!"

"దాచలేదండి. మీటింగుల్లో ముందు వరసలో కుర్చీ ఇప్పించమని ఆవిడ తమకి చాలాసార్లు అర్జీ పెట్టుకుంది."

"నాదాకా రాలేదే?"

"వచ్చాయండి. స్థలం చాలదని రాశారు."

"ఇప్పుడు చూడు, స్థలమే స్థలం" అన్నారు వీసీగారు. వారి పెద్ద మనసు అలాంటిది.

ఇక్కడ మా యూనివర్సిటీ పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు ఎవరిమీదైనా గౌరవం పుట్టిందంటే వెంటనే వేదిక ఎక్కించేస్తాం. వేరే విధంగా గౌరవించడం మాకు రాదు. ఒకసారి మరీ ఎక్కువమంది మీద గౌరవం పుట్టుకొచ్చి, అందరూ పైకెక్కేసి, కింద నేనూ మైకు అతనూ మిగిలాం. సభ కిక్కిరిసిందని రాశాను, అబద్ధమేం కాదు.

కాబట్టి శిక్షణ మొదలైన రోజు పొద్దున్నే వదిన కోసం వేదిక మీద కుర్చీ వేశారు. పెద్ద కుర్చీ, వీసీగారి పక్కనే. వదిన దాన్ని చూసి నేరుగా వీసీగారి దగ్గరికెళ్ళింది.

"సార్, నేను కింద ముందు వరసలో కూర్చుంటాను. పైన కూర్చుంటే మాట్లాడేవాళ్ళ వీపే కనిపిస్తుంది. పెదాలు కనిపించకపోతే నాకు ఒక్క ముక్క తెలీదు."

"కిందా? మిమ్మల్నా?" వీసీగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "మేం బతికుండగా అది జరగదమ్మా!"

"మరి నా సర్టిఫికెట్టు?"

"మీకు కాకపోతే ఇంకెవరికమ్మా!"

అందరూ చప్పట్లు కొట్టారు. వదిన పైకెక్కి కూర్చుంది.

శిక్షకుడు ఆవిడకి వీపు పెట్టి, హాలు వైపు తిరిగి, అద్భుతంగా మాట్లాడాడు. "వినపడనివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఏం చెయ్యాలి? ఎదురుగా నిలబడాలి. వెలుతురు మన మొహం మీద పడాలి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకూడదు. నెమ్మదిగా చెప్పాలి. ఎట్టి పరిస్థితుల్లోనూ వాళ్ళకి వీపు చూపించకూడదు!" ప్రొఫెసర్లు గబగబా రాసుకున్నారు. చివరి మాట రెండుసార్లు చెప్పమని ఒకాయన అడిగితే, రెండుసార్లు చెప్పాడు. వదిన ఆయన కోటు వెనక కుట్టు చూస్తూ కూర్చుంది.

తర్వాత అనుభవపూర్వక శిక్షణ. వినపడకపోతే ఎలా ఉంటుందో తెలియడానికి హాల్లో అందరికీ దూది పంచారు. చెవుల్లో పెట్టుకుని కళ్ళు మూసుకోమన్నారు. ఇంత ఫలవంతమైన కార్యక్రమం నా సర్వీసులో చూడలేదు. టీ వేళ దాటినా ఒక్కరూ దూది తియ్యలేదు. ఎకనామిక్స్ ప్రొఫెసర్ గారిని భుజం పట్టి కుదిపితే ఉలిక్కిపడి లేచి, "వాళ్ళ బాధ నాకిప్పుడు అర్థమైంది, రేపు కూడా పెట్టండి" అన్నారు.

"ఇప్పుడు మేడమ్‌గారికి ఏమనిపిస్తోందో తెలుసుకుందాం" అన్నాడు శిక్షకుడు హాలు వైపే చూస్తూ.

మైకు వీసీగారు అందుకున్నారు. "చాలా ఆనందంగా ఉంది" అన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చాక వదిన చెప్పులు విడవకుండానే నా ఎదురుగా నిలబడింది. "ఇవాళ వాళ్ళేం చెప్పారు?" అనడిగింది. చెప్పాను. ఎదురుగా నిలబడాలని చెప్పారన్నాను. వదిన నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

"ఏమోయ్, నాకు భయంగా ఉంది. నన్ను పైన కూర్చోబెడుతున్నారు సరే. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలో నన్ను వేస్తున్నారా లేదా?"

"వీసీగారు అందరి ముందూ మాటిచ్చారుగా వదినా."

"ఆయన మాటివ్వడం నువ్వు విన్నావు. నేను పెదాలు చూశాను. పళ్ళే కనిపించాయి."

అన్నయ్య ఆవిడకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ పళ్ళు నేనూ చూశాను. కానీ పత్రికా ప్రకటనలో అలాంటివాటికి చోటుండదు.

మర్నాడు వదిన అందరికంటే ముందొచ్చి కింద ముందు వరసలో కూర్చుంది. పుస్తకం తెరిచి, కలం పట్టుకుని, శిక్షకుడి నోరు ఎక్కడికొస్తుందో అంచనా వేసుకుని మరీ కూర్చుంది. వీసీగారు వచ్చి చూశారు. పైన ఖాళీ కుర్చీ, కింద మా వదిన. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ఒక పూలగుత్తి తెప్పించి, స్వయంగా కిందికి దిగొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుని లేపారు.

"సార్, దయచేసి వదలండి, ఇక్కడే ఉంటాను" అంది వదిన. ఆవిడ గొంతు కాస్త పెద్దది కదా, హాలంతా వినపడింది.

"చూశారా ఆ వినయం!" అన్నారు వీసీగారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంత చప్పట్లలో ఎవరు మాత్రం కిందికి దిగగలరు? ఆ రోజు నుంచి మెట్ల దగ్గర ఒక అటెండర్ని కాపలా పెట్టారు, ఆవిడకి ఏ అసౌకర్యమూ కలక్కుండా.

ముగింపు సభకి మంత్రిగారు వేంచేశారు. సర్టిఫికెట్లు మా వదిన చేతుల మీదుగా ఇప్పించాలన్నది వారి ఆలోచనే. ఎంత ఉదాత్తమైన ఆలోచన! వదిన నిలబడి, పళ్ళెంలో పెట్టిన కట్టలోంచి ఒక్కొక్కటే తీసి అందరికీ ఇచ్చింది. ఎకనామిక్స్ ప్రొఫెసర్ గారికి ఇచ్చింది, ఆయన చెవిలో ఇంకా దూది ఉంది. శిక్షణ మొత్తం కారులో కూర్చుని కిటికీలోంచి పొందిన వీసీగారి డ్రైవరుకి ఇచ్చింది. నాకూ ఇచ్చింది. కట్ట అయిపోయింది. ఆవిడ ఖాళీ పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూసింది. మంత్రిగారు ఆ పళ్ళెం పక్కన నిలబడి ఫొటో దిగారు.

"ఈ యూనివర్సిటీలో ఇక విడిగా మిగిలినవాళ్ళు లేరు" అని ప్రకటించి, కారెక్కి వెళ్ళిపోయారు.

నెలాఖరున వీసీగారు వదినని పిలిపించారు. పేపర్లో రావాల్సిన మాట ఏదైనా దొర్లితే పట్టుకోవడానికి నన్నూ రమ్మన్నారు. నేను మాత్రం కాంట్రాక్టు పొడిగింపు సంగతే అయ్యుంటుందని, వదిన వెనకాలే ఉత్సాహంగా వెళ్ళాను.

ఆ రోజు వీసీగారిని చూడాలి! మామూలుగా ఫైలు చూస్తూ, కిటికీ వైపు తిరిగి, నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని మాట్లాడే మనిషి. వదిన రాగానే లేచారు. స్వయంగా కుర్చీ లాగి తనకి సరిగ్గా ఎదురుగా వేశారు. కర్టెన్ పక్కకి జరిపారు, వెలుతురు వారి మొహం మీద చక్కగా పడింది. చెయ్యి తీసి బల్ల మీద పెట్టుకున్నారు. పెదాలు పూర్తిగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి చెప్పారు.

"అమ్మా. మీ కాంట్రాక్టు. పొడిగించడం. లేదు."

వదిన ఆయన నోటి మీంచి చూపు తిప్పలేదు. "ఎందుకు సార్?"

"మీకు. సర్టిఫికెట్. లేదు. కదా."

"ప్రతిరోజూ అక్కడే ఉన్నాను. మీ పక్కనే కూర్చున్నాను."

"వేదిక మీద. ఉన్నారు. వేదిక మీదున్నవాళ్ళు. శిక్షణ ఇచ్చినవాళ్ళు. తీసుకున్నవాళ్ళు. కాదు."

"నేను కింద కూర్చుంటానంటే మీరేగా సార్ లేపారు? పోనీ, నాకోసం ఇంకోసారి క్లాసు పెట్టించండి. లేదంటే ఈ ఒక్కసారికి వదిలెయ్యండి. మా ఇల్లు దీనిమీదే నడుస్తోంది."

వీసీగారు నిజంగానే నొచ్చుకున్నారు. "మీ ఒక్కరికి. వేరే రూలా? మిమ్మల్ని. వేరుగా. చూడకూడదని. నేర్చుకున్నాం. ఇప్పుడు. మా దృష్టిలో. మీరూ. అందరిలాంటివారే." కాస్త ముందుకి వంగి, దయగా అడిగారు. "అర్థమైందా. అమ్మా?"

వదిన లేచి నిలబడింది.

"అర్థమైంది సార్. ఇన్నేళ్ళలో మీరు చెప్పినవాటిలో, ఒక్క ముక్క పోకుండా నాకు అర్థమైంది ఇదే."

వీసీగారి కళ్ళు చెమర్చాయి. గబుక్కున నావైపు తిరిగారు.

"శిక్షణ ఫలించిందయ్యా! ముందు ఇది రాయి" అన్నారు.